సవరణ: పాత బోటు ఇంజన్‌ను పొడిగా స్టార్ట్ చేయకండి

సెకండ్ హ్యాండ్ ఔట్‌బోర్డ్ ఇంజన్ (బోటు వెనక బయట తగిలించేది) కొనడం గురించి కిందటి వారం రాసినదాంట్లో పెద్ద తప్పే దొర్లింది. "షాపులోనే రెండు నిమిషాలు నడిపించి శబ్దం వినండి" అన్నాను. చెన్నై కాశిమేడులో ఇంజన్లు బాగుచేసే ఒక తెలుగు మెకానిక్ అన్న అది చదివి, "ఏంది సామీ, పంపు కాల్చేయమంటావా?" అని నవ్వాడు. ఆయన మాటే నిజం. ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు తోడే పంపులో తిరిగే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, రబ్బరుది. దాన్ని చల్లగా ఉంచేదీ, ఒరుసుకోకుండా కాపాడేదీ ఆ నీళ్లే. పొడిగా తిప్పితే కాసేపట్లోనే రెక్కలు పాడవుతాయి. అందుకని ఇంజన్‌ను డ్రమ్ములో దించి, గేర్‌కేస్ (కింద ప్రొపెల్లర్ ఉండే భాగం) దగ్గర నీళ్లు పీల్చే రంధ్రాలు బాగా మునిగాకే స్టార్ట్ చేయమనండి.

ఇంకోటి. ఇంజన్ నడుస్తుండగా దాని పక్కనుంచి నీటి ధార రాకపోతే పంపు పోయినట్టే అన్నాను. అదీ తొందరపాటే. ఉప్పో ఇసుకో అడ్డుపడినా ధార ఆగుతుంది. ఇంజన్ ఆపి, ధార వచ్చే రంధ్రాన్ని సన్న తీగతో పొడిచి చూడండి.

గేర్ ఆయిల్ పాలలా ఉంటే లోపలికి నీళ్లు చేరినట్టే అన్న మాటను మాత్రం మార్చడం లేదు. నన్ను నమ్మి ఎవరైనా ఇప్పటికే పొడిగా నడిపించి ఉంటే, బోటు దించేలోపు ఇంపెల్లర్ విప్పి చూపించుకోండి.