కుళ్ళు మాకెందుకండీ, జెలసీ ఉండగా!

తెలుగు నేల మీద అసూయపరులు ఒక్కరు కూడా లేరు. ఆషామాషీగా అంటున్న మాట కాదిది. "మీకు కుళ్ళు ఉందా?" అని ఎవరినైనా అడిగి చూడండి, కొట్టినంత పని చేస్తారు. అదే "మీ మీద ఎవరికైనా కుళ్ళు ఉందా?" అనండి. కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, తోడికోడలితో మొదలుపెట్టి పై ఫ్లోర్ వాళ్ళ దాకా జాబితా చదువుతారు.

బాధితులు ఇంటింటా ఉన్నారు, నిందితుడు మాత్రం దొరకడు. సగం కట్టిన మేడకు దిష్టిబొమ్మ, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ, షాపుకు నిమ్మకాయా మిరపకాయలూ, ఆటో వెనక 'నన్ను చూసి ఏడవకురా'. ఆ ఆటోని చూసి ఫైనాన్స్ వాడు తప్ప ఎవడు ఏడుస్తాడో నాకైతే అర్థం కాదు.

మరి అరిషడ్వర్గాల్లో ఆఖరి సీటు కూర్చున్న మాత్సర్యం ఏమైపోయినట్టు? ఎక్కడికీ పోలేదు, ఇంగ్లీషు మీడియంలో చేరింది. గృహప్రవేశానికి వెళ్ళి "నీ ఇల్లు చూస్తే కడుపు మండిపోతోంది వదినా" అంటే జన్మలో మళ్ళీ పేరంటానికి పిలుపు రాదు. "వదినా, ఐయామ్ సో జెలస్!" అనండి. మురిసిపోయి ఇంకో గారె వడ్డిస్తుంది. మంట అదే, కడుపూ అదే.

ఇక్కడ నిక్కచ్చి ఇంగ్లీషు మాస్టార్లు అడ్డు తగులుతారు. ఎదుటివాడికున్నది మనకు లేదని ఏడిస్తే ఎన్వీ అట, మనకున్నది ఎవడు ఎగరేసుకుపోతాడోనని ఏడిస్తే జెలసీ అట. ఆ లెక్కన మయసభ చూసొచ్చిన దుర్యోధనుడిది ఎన్వీ, భార్యను అనుమానించిన షేక్‌స్పియర్ నాటకం హీరో ఒథెల్లోది జెలసీ. వదిన ఇంటికి వాడాల్సింది ఎన్వీయే. కానీ "ఐ ఎన్వీ యూ వదినా" అంటే లాయర్ నోటీసు చదివినట్టుంటుంది. అయినా ఇంగ్లీషు వాళ్ళే ఆ రెండింటినీ ఎప్పుడో కలిపేసుకున్నారు, మధ్యలో మనకెందుకు టెన్షన్?

నిజానికి ఎన్వీ మనకు దగ్గర చుట్టమే. దాని లాటిన్ మూలానికి చెడు చూపు చూడడమని అర్థం. మన దిష్టీ దృష్టి లోంచే పుట్టింది. రోమన్లు కూడా చంటిపిల్లల మెడలో తాయెత్తులు కట్టారు. ఇటలీ కవి దాంతే అయితే తన కావ్యంలో అసూయపరుల కనురెప్పల్ని ఇనుప తీగతో కుట్టించేశాడు. మనం అంత కర్కోటకులం కాదు. వాళ్ళ చూపు ఆనడానికి ఒక గుమ్మడికాయ ఏర్పాటు చేస్తాం.

ఆ కాయ త్వరగా కుళ్ళిపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు లెక్క. అందుకే "మాది నెల తిరక్కుండానే కుళ్ళిపోయిందండీ" అని చెప్పేవాళ్ళ మొహం చూడాలి, కొడుక్కి ఐఐటీలో సీటొచ్చినప్పుడు కూడా అంత వెలుగుండదు. పాపం ఎదురు ఫ్లాటాయన కట్టిన కాయ ఏడాదైనా రాయిలా వేలాడుతోంది. కార్ మార్చాడు, ఇంటికి రంగులు వేయించాడు, బాల్కనీలో ఉయ్యాల పెట్టించాడు. ఒక్కడూ కుళ్ళుకోలేదు. మొన్న అమావాస్యకి మార్కెట్లో కాయలన్నీ నొక్కి నొక్కి చూస్తూ, "కాస్త మెత్తబడింది ఏమైనా ఉందా బాబూ?" అని గొంతు తగ్గించి అడుగుతున్నాడు.