డఫ్ ఎవరని అడిగిన తమ్ముడికి

మొన్న శనివారం రాత్రి మా ఆఫీసు ఫుట్‌బాల్ వాట్సాప్ గ్రూపులో ఒక పోల్ పెట్టారు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఇప్పటిదాకా ఆడిన వింగర్లలో, అంటే మైదానం అంచుల వెంట దాడి చేసేవాళ్ళలో, ఎవరు బెస్ట్? ఆప్షన్లలో గిగ్స్ ఉన్నాడు, పిరెస్ ఉన్నాడు, హజార్డ్, మానే, సలా, సన్ అందరూ ఉన్నారు. నేను ఊరుకోలేక "డఫ్ ఏడి?" అని అడిగాను. పది నిమిషాలు ఎవరూ పలకలేదు. ఆ తర్వాత కిందటేడాది జాయినైన కుర్రాడొకడు రిప్లై ఇచ్చాడు: "డఫ్ ఎవరన్నా? గోల్స్, అసిస్టులు కలిపితే ఎన్ని?"

వాడి తప్పేం లేదు. వాడు ఎల్‌కేజీకి కూడా వెళ్ళని రోజుల ముచ్చట ఇది. కానీ నాకు ఒళ్ళు మండింది. మూడుసార్లు టైప్ చేసి మూడుసార్లు చెరిపేశాను. నాలుగోసారి రాసింది ఆ గ్రూపులో పట్టేలా లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

ముందే ఒప్పేసుకుంటున్నా: గోల్స్, గోల్‌కి దారితీసిన పాసుల లెక్కల్లో డఫ్ ఓడిపోతాడు. ఇవాళ ఒక మామూలు క్లబ్ వింగర్ రెండు మంచి సీజన్లలో తెచ్చుకునే అంకెల పక్కన పెట్టినా వెలవెలబోతాడు. నా గొడవ అది కాదు. ఆ అంకెలు ఎందుకంత చిన్నవో చెప్పాలి.

ఐర్లాండ్ వింగర్ డామియన్ డఫ్‌ను నేను మొదట చూసింది 2002 ప్రపంచకప్‌లో. ఆ కప్పు జపాన్, కొరియాల్లో జరగడం మన అదృష్టం, అక్కడి రాత్రి మ్యాచ్ మనకి సాయంత్రం అయిదింటికి వచ్చేది. టీ తాగుతూ ప్రపంచకప్ చూసిన తరం మాది. సౌదీ మీద గోల్ కొట్టి, చేతులు జోడించి జపాన్ వాళ్ళలా వంగి దణ్ణం పెట్టాడు. ఆ తర్వాతి ఆదివారం, జూన్ 16న, సువాన్‌లో స్పెయిన్‌తో మ్యాచ్. కెప్టెన్ రాయ్ కీన్ గొడవపడి కప్పు మొదలవకముందే ఇంటికి వెళ్ళిపోయాడు, కాబట్టి ఐర్లాండ్ మీద ఎవరికీ ఆశల్లేవు. మొదట ముందు వరసలో ఆడిన డఫ్‌ను, పొడుగాటి క్విన్ మైదానంలోకి వచ్చాక, కుడి వైపుకి పంపారు. అక్కణ్ణుంచి ఎడమ అంచు కాపలా కాసే స్పెయిన్ లెఫ్ట్‌బ్యాక్ హువాన్‌ఫ్రాన్‌కి చుక్కలు కనిపించాయి. ఆపలేక కింద పడేశాడు, పెనాల్టీ. దాన్ని ఇయాన్ హార్ట్ కొడితే గోల్‌కీపర్ కాసియాస్ ఆపేశాడు. రికార్డు పుస్తకంలో ఆ నిమిషం దగ్గర "హార్ట్, మిస్" అని ఉంటుంది. అక్కడిదాకా బంతిని తెచ్చినవాడి పేరు ఉండదు.

మా తాతయ్యకి క్రికెట్ తప్ప ఇంకో ఆట ఆటే కాదు. నా బలవంతం మీద కూర్చున్న మనిషి, చివర్లో పెనాల్టీ షూటౌట్‌లో ఐర్లాండ్ ఓడిపోతుంటే, "ఆ నిద్రమొహం కుర్రాడికే ఇంకాసేపు బంతి ఇచ్చుంటే గెలిచేవాళ్ళు కదరా" అన్నాడు.

నిద్రమొహం అన్న మాట సరిగ్గా సరిపోయింది. డఫ్‌కి నిద్ర పిచ్చి అని ఐర్లాండ్ జట్టులో ఎప్పుడూ జోకులేసుకునేవాళ్ళట. మైదానంలో కూడా అలాగే కనిపిస్తాడు. భుజాలు జారేసి, సాక్సులు దిగజారి, ఎవరో లేపి పంపిస్తే వచ్చినట్టు టచ్‌లైన్ పక్కన తచ్చాడుతుంటాడు. బంతి ఎడమ కాలి దగ్గరికి వస్తుంది. ఎదురుగా ఫుల్‌బ్యాక్, అంటే ఆ అంచు కాపలాదారు, మోకాళ్ళు వంచి నిలబడతాడు. డఫ్ ఏమీ చెయ్యడు. బంతి మీద కాలు తిప్పడం, విన్యాసాలు, అవేం ఉండవు. ఒక భుజం కాస్త కిందికి వాలుతుంది, అంతే. ఫుల్‌బ్యాక్ నడుము ఆ భుజం వైపు తిరుగుతుంది. తిరిగిన నడుము మళ్ళీ వెనక్కి రావడానికి ఎంత టైం పడుతుందో అంతలో డఫ్ రెండో వైపు నుంచి దాటి వెళ్ళిపోతాడు. బంతి కాలికి దారం కట్టినట్టు వెంటే ఉంటుంది. దాటాక మళ్ళీ నిద్రమొహం.

ఇక లీగ్ సంగతి. అప్పటికి డఫ్ లండన్ క్లబ్ చెల్సీలో ఆడుతున్నాడు. నేను 2004లో ఇంజినీరింగ్ సెకండియర్. హాస్టల్ టీవీ రూములో నూటయాభై మందికి ఒకటే టీవీ, అందులో ఫుట్‌బాల్ గాళ్ళం నలుగురం. శనివారం మ్యాచ్ ఏడున్నరకి. అక్టోబర్ చివర్లో ఇంగ్లండ్ వాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుకోగానే అది ఎనిమిదిన్నరకి జరిగేది, సరిగ్గా మెస్ మూసే టైంకి. అన్నమా, చెల్సీనా అని ఎన్నిసార్లు తర్జనభర్జన పడ్డామో. క్రికెట్ ఉన్న రోజు మాకు ఓటు లేదు. జెమినీలో చిరంజీవి సినిమా వస్తే అసలు రిమోట్ అడగడానికే ధైర్యం చాలదు. ఈఎస్‌పీఎన్, స్టార్ స్పోర్ట్స్ రెండూ మా కేబుల్‌లో ఏ ఎనభయ్యో నంబరు దగ్గరో ఉండేవి, బొమ్మ కంటే చుక్కలే ఎక్కువ. ఆ చుక్కల్లోనే నీలం జెర్సీ పదకొండో నంబరుని వెతుక్కునేవాణ్ణి.

ఆ సీజన్ చెల్సీ 38 మ్యాచుల్లో ఓడింది ఒక్కటి. తిన్న గోల్స్ పదిహేను. 95 పాయింట్లు. అందరికీ గుర్తున్నది కోచ్ మొరీన్యో నోరు, లాంపార్డ్ గోల్స్, గోల్‌కీపర్ పీటర్ చెక్ గ్లవ్స్, కెప్టెన్ టెర్రీ. వింగర్ అంటే రాబెన్. రాబెన్ గొప్పవాడు కాదని ఎవడన్నాడు? కానీ ఒక చిన్న విషయం. ఇద్దరూ ఎడమ కాలి వాళ్ళే. ఇద్దరికీ ఎడమ వైపే ఇల్లు. ఒకే ఇంట్లో ఇద్దరు పట్టరు కదా, ఎవరో ఒకరు సర్దుకోవాలి. రాబెన్ దిగిన రోజుల్లో చాలావరకు డఫ్ కుడి వైపుకి జరిగాడు. అప్పటికే అతను కోటీ డెబ్బై లక్షల పౌండ్లకి 2003లో వచ్చిన స్టార్, కొత్తగా వచ్చింది రాబెన్. ఇప్పుడైతే ఏజెంట్ పేపర్లకి లీకులిచ్చేవాడు. డఫ్ కుడి వైపుకెళ్ళి ఎడమ కాలితో లోపలికి కోసుకుంటూ ఆడాడు, వెనక రైట్‌బ్యాక్ ఫెరేరాకి సాయంగా సొంత పెనాల్టీ బాక్సు దాకా పరుగెత్తుకొచ్చి బంతి లాక్కున్నాడు. పదిహేను గోల్సే తిన్నారంటే డిఫెండర్ల పేర్లు చెప్తారు. వింగర్ వెనక్కి ఎన్నిసార్లు పరుగెత్తాడో ఎవరు రాస్తారు? పెళ్ళి ఆల్బమ్‌లో వడ్డించినవాడి ఫోటో ఉంటుందా?

బార్సిలోనా సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. యూరప్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్, రెండు మ్యాచుల గోల్స్ కలిపి తేల్చే పోటీ. 2005 ఫిబ్రవరి, బార్సిలోనా మైదానం నౌ క్యాంప్‌లో మొదటి మ్యాచ్. డఫ్ కుడి నుంచి కిందగా ఒక క్రాస్ కొడితే బార్సిలోనా డిఫెండర్ బెలెట్టి దాన్ని తన గోల్లోకే తోసేశాడు. రికార్డులో బెలెట్టి ఓన్ గోల్. డఫ్‌కి సున్నా. ఆ మ్యాచ్ 2-1తో చెల్సీ ఓడింది గానీ, లెక్క సమమైతే పనికొచ్చేలా అవతలి గడ్డ మీద కొట్టిన ఆ గోల్ చేతిలో ఉంది.

రెండో మ్యాచ్ మార్చి 8న లండన్‌లో, మనకి తెల్లవారితే తొమ్మిదో తారీఖు, రాత్రి ఒంటిగంటా పావుకి. ఆ రోజే మొహాలీలో పాకిస్తాన్‌తో టెస్ట్ మొదలైంది కాబట్టి హాస్టలంతా పొద్దున ఆటకి లేవాలని పడుకుంది. మేం నలుగురం వాచ్‌మన్ అన్నకి రెండు టీల లంచమిచ్చి టీవీ రూము తాళం తీయించాం. షరతు ఒకటే, సౌండ్ పెట్టకూడదు. పందొమ్మిది నిమిషాల్లో మూడు గోల్స్ పడ్డాయి. గుడ్యాన్సన్, లాంపార్డ్, డఫ్. మూడోది జో కోల్ మధ్యలోంచి బంతిని జార్చాడు, డఫ్ ఎడమ నుంచి చొచ్చుకొచ్చి గోల్‌కీపర్ వాల్డెస్ కాళ్ళ సందులోంచి లోపలికి పంపాడు. అరవడానికి వీల్లేదు. నా ఫ్రెండ్ దిండు కొరికాడు, నిజంగా, దూది బయటికొచ్చింది. ఆ తర్వాత బార్సిలోనా రొనాల్డినో నిలబడ్డచోటి నుంచే బూటు మొనతో కొట్టిన గోల్ మాత్రం ప్రపంచమంతా ఇప్పటికీ షేర్ చేస్తుంది. దాన్ని చూసినప్పుడల్లా నేను చెప్పేది ఒకటే, ఆ మ్యాచ్ గెలిచింది చెల్సీరా నాయనా. 4-2. రెండూ కలిపితే 5-4.

ఐదేళ్ళ తర్వాత ఇంకో క్లబ్‌లో అతనికి ఇదే లెక్క ఎదురొచ్చింది. 2010 మార్చిలో ఫుల్హమ్ తరఫున, యువెంటస్ మీద. టురిన్‌లో 3-1తో ఓడి వచ్చారు, ఇంట్లో రెండో నిమిషంలోనే యువెంటస్ ట్రెజెగే గోల్ కొట్టేశాడు. అక్కణ్ణుంచి 4-1తో గెలిచారు. మళ్ళీ 5-4. రెండిట్లోనూ ఉన్నాడు డఫ్. జనం గుర్తుపెట్టుకున్నది డెంప్సీ చివర్లో లేపి కొట్టిన ఆ చిప్. సరే, అది అంత బాగుంది మరి, కాదనను.

ఈ మధ్యలో న్యూకాజిల్ ఉంది. 2005లో చెల్సీ రెండు కోట్ల పది లక్షల పౌండ్లు పోసి వింగర్ షాన్ రైట్-ఫిలిప్స్‌ను తెచ్చాక డఫ్‌కి చోటు తగ్గింది. 2006లో యాభై లక్షల పౌండ్లకి న్యూకాజిల్‌కి వెళ్ళాడు. అక్కడ గాయాలు, మేనేజర్లు మారడం, అవసరమైతే లెఫ్ట్‌బ్యాక్‌గా కూడా నిలబడటం. 2009 మే, సీజన్ ఆఖరి రోజు ఆట, ఆస్టన్ విల్లా మైదానం విల్లా పార్క్‌లో. గ్యారెత్ బ్యారీ కొట్టిన బంతి డఫ్‌కి తగిలి లోపలికి పోయింది. 1-0. న్యూకాజిల్ కింది డివిజన్‌కి పోయింది. ఆ గోల్ మాత్రం డఫ్ పేరు మీదే రాశారు. అన్నేళ్ళు అతని పని వేరేవాళ్ళ పేర్ల మీద రాసిన పుస్తకం, ఎప్పటికీ చెరగకుండా రాసింది ఈ ఒక్కటి. నాకు దేవుడి మీద కోపం వచ్చిన రోజుల్లో అదొకటి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మా తరం "ఆ రోజుల్లో లీగే వేరు, డబ్బు వచ్చి పాడు చేసింది" అంటుంటాం. నేనూ అన్నాను. కానీ ఆ డబ్బుకి గేట్లు తీసింది 2003 చెల్సీయే, కొత్త ఓనరు అబ్రమోవిచ్ మొదటి వేసవిలో కొన్నవాళ్ళలో ఒకడు డఫే. ఆ డబ్బు రాకపోతే అతను బ్లాక్‌బర్న్‌లోనే ఉండేవాడు, నా చుక్కల టీవీలోకి నెలకోసారి కూడా వచ్చేవాడు కాదు. ఆట కూడా అప్పుడంత అందంగా లేదు. శీతాకాలం వస్తే సగం మైదానాలు వరి మళ్ళలా ఉండేవి. 0-0 మ్యాచులు బోలెడు చూశాం, మెస్ అన్నం వదులుకుని మరీ. ఇప్పటి కుర్రాళ్ళు కాలితో చేసేవి చాలా, మా వాళ్ళకి కలలో కూడా రావు.

అయినా ఒకటి మాత్రం పోయింది. ఇప్పుడు చాలామంది వింగర్లు బంతి అందుకుని, ఎదుటివాణ్ణి చూసి, వెనక్కి పాస్ ఇచ్చేస్తున్నారు. బంతి పోతే జట్టు ఆకారం చెడుతుందట. అది తప్పని అనను, కోచ్‌లకి నాకంటే తెలుసు. కానీ ఫుల్‌బ్యాక్ కళ్ళలో కనబడే ఆ బెదురు చూసి ఎన్నాళ్ళయిందో. డఫ్ మ్యాచుల్లో నేను బంతిని కాదు, ఎదురుగా నిలబడ్డవాడి మొహాన్ని చూసేవాణ్ణి.

అన్నట్టు బ్లాక్‌బర్న్. పదిహేడేళ్ళ కుర్రాడిగా డఫ్ చేరిన క్లబ్, 2002లో లీగ్ కప్ గెలిచిన క్లబ్. 2010 నవంబర్‌లో దాన్ని పుణె వెంకీస్ వాళ్ళు కొన్నారు. మన ఊళ్ళలో చికెన్ ప్యాకెట్ మీద చూసే పేరు అది. 2012లో ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పోయిన రోజు, మ్యాచ్ మధ్యలో ఒక కోడిని మైదానంలోకి వదిలారు ఫ్యాన్స్. ఆ ఫోటో చూసి మావాళ్ళంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ కుర్రాడి మీద ఇంత కోపంగా రాస్తూ మధ్యలో ఆగిపోయాను. ఎందుకంటే నాకూ ఒక పేరు తెలియలేదు. 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో తులసీదాస్ బలరామ్ పోయారని వార్త వచ్చిన రోజు గూగుల్ చేశాను. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన మనిషి. కోచ్ రహీమ్ సాబ్ చేతిలో తయారైనవాడు. లెఫ్ట్ వింగ్, ఇన్‌సైడ్ లెఫ్ట్, ఎక్కడ పెడితే అక్కడ ఆడాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు, 1962 జకార్తాలో ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చిన జట్టులో ఉన్నాడు. ఊపిరితిత్తుల జబ్బుతో మరుసటి ఏడాదికే ఆట ఆపేయాల్సి వచ్చింది. అదే జట్టులో ముందు వరసలో ఆడిన పీకే బెనర్జీ, చునీ గోస్వామి పేర్లు నాకు స్కూల్లోనే తెలుసు. మూడోవాడి పేరు, మా ఊరికి బస్సు దూరంలో పుట్టినవాడి పేరు, చనిపోయాక తెలిసింది. డబ్లిన్ కుర్రాడి సాక్సులు ఎలా జారేవో చెప్పగలను గానీ.

ఆడటం మానేశాక డఫ్ ఏం చేశాడని అడిగితే, డబ్లిన్‌లో షెల్బర్న్ అనే క్లబ్‌కి మేనేజర్ అయ్యి 2024లో ఐర్లాండ్ లీగ్ గెలిపించాడు. ఆ క్లబ్‌కి 2006 తర్వాత అదే మొదటిది. మరుసటి జూన్‌లో మానేశాడు. టచ్‌లైన్ దగ్గర గొంతు చించుకుని అరుస్తున్న వీడియోలు చూస్తే ఇతనేనా అనిపిస్తుంది. ఆడే రోజుల్లో నోరు విప్పి మాట్లాడితే గొప్ప. వంద మ్యాచులు ఐర్లాండ్‌కి ఆడాడు, వందోది 2012 యూరోలో ఇటలీతో, కెప్టెన్‌గా. జట్టు అప్పటికే ఇంటిదారి పట్టింది కాబట్టి అదీ ఎవరికీ గుర్తులేదు.

చివరికి గ్రూపులో ఇదంతా పెట్టలేదు. బార్సిలోనా మ్యాచ్ వీడియో లింకు పంపి, "గోల్ ఒక్కటే చూడకు తమ్ముడూ, మొత్తం చూడు" అన్నాను. రాత్రి పదకొండున్నరకి వాడి నుంచి మెసేజ్ వచ్చింది.

"చూస్తున్నా అన్నా. ఇతనేంటి, నిద్ర లేచి డైరెక్ట్‌గా వచ్చినట్టున్నాడు?"