వేడి వైండింగు మీద పెట్రోలా, నాయనా?

వారంలో ఇది నాలుగోసారి. ఆకివీడు నుంచి మా బావమరిది, భీమవరం నుంచి ఇద్దరు రొయ్యల రైతులు, ఆఖరికి నాతోపాటు గ్యాసుతో కరెంటు తీసే ప్లాంటులో పాతికేళ్లు చాకిరీ చేసినవాడు కూడా అదే మెసేజు పంపాడు. "జనరేటర్‌లో ఆయిల్ చేరిందా? కంగారొద్దు, ఆరు చిట్కాలు. పవర్ ప్లాంట్లలోనూ ఇదే చేస్తారు." ఏ ప్లాంటో చెబితే ఆ దరిదాపులకి పోకుండా ఉంటాం కదండీ.

"ఆయిల్‌లో కరెంటు పారదు, నష్టం లేదు." మొదటి ముక్క నిజమే. ట్రాన్స్‌ఫార్మర్ నిండా ఉండేది ఆయిలే. కాకపోతే అక్కడ తేమ తీసిన ఆయిలు, మూసిన ట్యాంకు. మన షెడ్డులో చెరువుగట్టు దుమ్ము, ఉప్పుగాలి, ఇంజను మసి. అవన్నీ జిడ్డుకి పట్టుకుని గాలి దారులు పూడ్చేస్తే వైండింగు, అంటే లోపలి తీగ చుట్లు, ఉడికిపోతుంది. ప్లాంటు జనరేటర్లలో ఇంకో గొడవ: స్లాట్లలో, అంటే తీగలు కూర్చునే గాడుల్లో, బిగించిన వెడ్జిలు (చీలలు) జిడ్డుకి వదులవుతాయి, అదురుకి తీగ మీది ఇన్సులేషన్ అరుగుతుంది, ఆ పొడి ఆయిల్‌తో కలిసి గ్రీజులా ముద్దకడుతుంది. ఆ ముద్ద కనిపిస్తే తుడిచి మూత వేసేయడం కాదు, ఏది కదులుతోందో వెతకాలి.

"బేరింగుకి గ్రీజు దండిగా దట్టించండి." ఎక్కువైంది కక్కేది వైండింగు మీదకే.

"అమావాస్యనాడు సర్వీసు వద్దు." మీ ఇష్టం.

"మెగ్గర్ రీడింగు బాగుంటే చాలు." చాలదు. మెగ్గర్ అంటే ఇన్సులేషన్ కరెంటుని ఎంత ఆపుతోందో కొలిచే మీటరు. ఆయిల్ పడ్డా రీడింగు బాగానే రావచ్చు, ఆయిల్‌లో కరెంటు పారదు కదా. ఒక నిమిషం దగ్గరా, 10 నిమిషాల దగ్గరా చూసి నిష్పత్తి కట్టండి, మూత తీసి కంటితోనూ చూడండి.

ఇక అసలు ఘనకార్యం. "ఇంజను ఆపగానే, వేడి మీదే, పెట్రోలు కొట్టండి. మురికి కరిగి కారిపోతుంది." ఎక్కడికండీ కారిపోయేది? స్లాట్ల లోపలికి, మన గుడ్డ అందని చోటికి. పైగా పెట్రోలు ఆవిరి అంటుకోవడానికి వేడి కూడా అక్కర్లేదు, నిప్పురవ్వ చాలు. బ్యాటరీ తీగ తీయమన్న మాట మెసేజులో ఎక్కడా లేదు, అగ్గిపెట్టె జేబులో పెట్టుకోమని రాయడం ఒక్కటే తక్కువ! ప్లాంటులో హైడ్రోజన్‌తో చల్లబడే మిషను తెరవాలంటే ముందు కార్బన్ డయాక్సైడ్‌తో హైడ్రోజన్‌ని బయటికి తోస్తాం, ఆ తర్వాతే గాలి ఎక్కిస్తాం. హైడ్రోజన్ గాలిలో 4 నుంచి 75 శాతం దాకా ఎంతున్నా అంటుకుంటుంది మరి. అలా భయపడుతూ బతికినవాళ్లు పెట్రోలు డబ్బా పట్టుకెళతారా?

కుర్రతనంలో కిరసనాయిలు గుడ్డతో నేనూ తుడిచాను. ఏమీ కాలేదు. తెలివి కాదు, అదృష్టం.

చేయాల్సింది విసుగు పుట్టించే పని. చల్లారనిచ్చి, బ్యాటరీ తీగ తీసి, ముద్దల్ని చెక్కపుల్లతో గీకి, దుమ్ము వాక్యూమ్‌తో లాగి, నూగు రాలని గుడ్డని ఎలక్ట్రికల్ క్లీనర్‌తో తడిపి, తలుపులు తీసి పెట్టి తుడవడం. గుడ్డని తడపాలి, వైండింగుని కాదు. పెద్ద మిషన్లకి పొడి మంచు (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) పలుకులు గాలితో కొడతారు. అవి ఆవిరైపోతాయి, ఊడిన మురికిని మాత్రం ఎత్తుకోవాలి. ఆయిల్ ఎటునుంచి వచ్చిందో పట్టుకోకపోతే నెల తిరక్కుండా మళ్లీ ఇదే పని.

విచిత్రంగా, ఆరో చిట్కా సరైనదే: "ఇంజను బ్రీదర్ పైపు షెడ్డు బయటికి పెట్టండి." ఆ పైపులోంచి వచ్చే ఆయిల్ పొగ గదిలోనే తిరుగుతుంటే ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే భాగం) ఫ్యాను దాన్నే లోపలికి లాగుతుంది. ఇది రాసిన చెయ్యి వేరే అయ్యుంటుంది. గోడకి కన్నం పెట్టించండి. పైపు కొస మాత్రం ఆల్టర్నేటర్ గాలి పీల్చే వైపుకి తిప్పకండి.