రూబీని రానివ్వం, వార్ ఫైలైతే రమ్మనండి

"ప్రొడక్షన్‌లో నడిచే ప్రతి వెబ్ అప్లికేషన్ వార్ ఫైలుగానే రావాలి. అప్రూవ్ చేసిన జావా అప్లికేషన్ సర్వర్ మీదే నడవాలి."

పెద్ద కంపెనీల ఐటీ పాలసీల్లో ఇలాంటి ముక్క ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది (వార్ ఫైలంటే జావా వెబ్ అప్లికేషన్ అంతా కట్టిన ఒక్క మూట). అది రాసినాయన ఎవరో ఎవరికీ గుర్తుండదు. ప్రమోషన్ మీద పైకెళ్లాడో, కంపెనీయే మారాడో. ముక్క మాత్రం చెక్కుచెదరదు. తీసెయ్యాలంటే ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. సంతకం పెడితే రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు పేరు బయటికొస్తుంది. అందుకని ఎవరూ దాని జోలికి పోరు. నాకు మాత్రం ఆ ముక్క అంటే ఎనలేని గౌరవం. అదే లేకపోతే రూబీ అనే ఇంకో భాషలో రాసిన అప్లికేషన్‌ని జావా అని నమ్మించే విద్య ఇంతగా వర్ధిల్లేది కాదు.

విషయం తెలియనివాళ్లు ఉంటారని కాదు గానీ, రికార్డు కోసం చెప్పాలి కదా. రూబీ, జావా రెండూ జనం చేతికి వచ్చింది 1995లోనే. మొదటిది జపాన్‌లో యుకిహిరో మాత్సుమోతో చేశారు, రాసేవాడికి హాయిగా ఉండాలని. రెండోది సన్ మైక్రోసిస్టమ్స్ చేసింది, ఏ మెషీన్ మీదైనా నడవాలని. 2004లో రూబీ మీద వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ రైల్స్ వచ్చింది. మొదట్లో రైల్స్ వాళ్ల ఉత్సాహమంతా జావా వాళ్ల ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను వెక్కిరించడంలోనే ఉండేది. మీరు కాన్ఫిగరేషన్ రాసుకుంటూ కూర్చోండి, ఈలోపు మేం సైటు కట్టేసి వస్తాం అన్నట్టు మాట్లాడేవారు. అంత మాట్లాడినవాళ్ల అప్లికేషనే ఇవాళ జావా వాళ్ల కాన్ఫిగరేషన్ ఫైలు వెబ్.ఎక్స్‌ఎంఎల్ చేత పట్టుకుని, టామ్‌క్యాట్ అనే జావా సర్వర్ గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడుతోంది.

ఈ పని చేసిపెట్టే సరంజామా పేరు వార్‌బ్లర్. రైల్స్ ఫోల్డర్‌లో నిలబడి "వార్‌బుల్ వార్" అని ఒక్క కమాండ్ కొడితే చాలు. యాప్, కాన్ఫిగ్, లిబ్ ఫోల్డర్లనూ, జెమ్‌లనే రూబీ లైబ్రరీలనూ వార్‌లోని వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్‌లోకి తోసేస్తుంది. వాటి పక్కన జేరూబీ జార్‌లు, అంటే జావా లైబ్రరీ మూటలు, పెడుతుంది. జేరూబీ అంటే జావాని నడిపే ఇంజన్ జేవీఎం మీద నడిచే రూబీ. జేరూబీ-ర్యాక్ అనే ఇంకో జార్ సర్వ్‌లెట్‌కి, అంటే జావా సర్వర్‌లో రిక్వెస్టులు అందుకునే భాగానికి, వచ్చిన రిక్వెస్టును రైల్స్‌కి అర్థమయ్యేలా మార్చి లోపలికి పంపుతుంది. వెబ్.ఎక్స్‌ఎంఎల్ కూడా వార్‌బ్లరే రాసిపెడుతుంది. చివరికి అన్నీ ఒక జిప్‌లో చుట్టి, వెనకాల .వార్ అని తగిలిస్తుంది. డ్రెస్ కోడ్ ఉన్న గుడి ముందు జీన్స్ ప్యాంటు మీదే పంచె చుట్టుకుని లోపలికి నడిచేవాళ్లను చూసుంటారు. అదే ఇది. పూజారికీ తెలుసు, భక్తుడికీ తెలుసు, పంచె అద్దెకిచ్చినవాడికి అందరికంటే బాగా తెలుసు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. జేరూబీ చేసినవాళ్లను నేను ఒక్క మాట అనను. ఛార్లెస్ నటర్, థామస్ ఎనెబోలను సన్ కంపెనీ 2006లో ఉద్యోగంలోకి తీసుకుంది. 2009లో వాళ్లు ఇంజిన్ యార్డ్‌కి, 2012లో రెడ్ హ్యాట్‌కి మారారు. జీతమిచ్చే కంపెనీ మారింది గానీ పని ఆగలేదు. మామూలు రూబీలో ఒక ప్రాసెస్‌లో ఎన్ని థ్రెడ్లున్నా రూబీ కోడ్ నడిపేది ఒక్కసారికి ఒక్కటే, దానికో పెద్ద తాళం ఉంది. జేరూబీలో ఆ తాళం లేదు, థ్రెడ్లన్నీ నిజంగానే ఒకేసారి నడుస్తాయి. పైగా 2007 ప్రాంతంలో రైల్స్ అప్లికేషన్‌ని నిలబెట్టడమంటే మంగ్రెల్ అనే రూబీ సర్వర్ ప్రాసెస్‌లను మందలా తోలడమే. అప్పట్లో ఒక వార్ ఫైలు ఇచ్చి చేతులు దులుపుకోవడం నిజంగా సుఖం. అవసరం ఉండి జేవీఎం మీదకు వెళ్లినవాడితో నాకు పేచీ లేదు. పైగా అలాంటివాడికి టామ్‌క్యాటే కావాలని లేదు, జేరూబీ మీద ప్యూమా అనే రూబీ సర్వర్ నేరుగా నడుస్తుంది. నేను మాట్లాడుతున్నది అవసరం లేకపోయినా పాలసీ కోసం పంచె కట్టినవాళ్ల గురించి.

ఇక అప్రూవల్ మీటింగ్‌కి వద్దాం. ఇది ఏ ఒక్క ఆఫీసు కథా కాదు, కాబట్టి ఎవరూ భుజాలు తడుముకోనక్కర్లేదు.

ఫారం తెర మీద ఉంటుంది. "అప్లికేషన్ ఏ భాషలో ఉంది?" అన్న ప్రశ్న కింద జావా, డాట్‌నెట్, కోబాల్, ఇతరములు అని ఉంటాయి. ఇతరములు నొక్కినవాడు ఇప్పటిదాకా ఎవడూ తిరిగి రాలేదు. దాని వెనక ఇంకో ఫారం ఉందని, ఆ ఫారానికి అనుబంధం ఉందని, అనుబంధం నింపాలంటే ముందు ఈ ఫారం అప్రూవ్ అయి ఉండాలని చెప్పుకుంటారు.

"జావానే కదా?" అంటారు సర్వర్లు చూసుకునే ఇన్‌ఫ్రా పెద్దాయన.

"వార్ ఫైలండీ," అంటాడు అప్లికేషన్ రాసిన మనవాడు. అడిగినదానికి ఇది జవాబు కాదు. కానీ అబద్ధమూ కాదు.

"లోపల ఏమున్నాయి?"

"జార్‌లున్నాయి సార్."

"గుడ్. జార్ ఉందంటే జావానే." పెద్దాయన టిక్కు పెట్టబోతుండగా సెక్యూరిటీ ఆయన గొంతు సవరించుకుంటారు. ఈయన మహా శ్రద్ధగల మనిషి. ముందు రోజు రాత్రి ఫైలు తెరిచి చూశారు. "లోపల .ఆర్‌బీ అని చాలా ఫైళ్లున్నాయండీ. అవేంటి?"

రూబీ కోడ్ ఫైళ్లకుండే తోక అది. కాల్‌లో ఉన్న అందరి మైకులూ ఒక్కసారిగా మ్యూట్ అవుతాయి.

"రిసోర్స్ బండిల్ సార్," అంటాడు మనవాడు.

ఇంతకంటే గొప్ప సమాధానం మన సాఫ్ట్‌వేర్ చరిత్రలో లేదని నా అభిప్రాయం. జావాలో తెర మీద చూపే మాటలు దాచుకునే రిసోర్స్ బండిల్ అనేది నిజంగానే ఉంది. దాన్ని పట్టుకునే వేరియబుల్‌కి ఆర్‌బీ అని పేరు పెట్టే అలవాటూ ఉంది. ఇన్‌ఫ్రా పెద్దాయన తల ఊపుతారు. ఆయన కోడ్ రాసే రోజుల్లో రిసోర్స్ బండిళ్లు బోలెడు చూశారు. ఇన్ని ఎందుకున్నాయి అని మాత్రం ఆయనకు రాదు, రాకూడదు.

సెక్యూరిటీ ఆయన వదలరు. "బండిలైనా సరే, సోర్స్ చదవడానికి వీలుగా ఉంది. కంపైల్ చేసి ఇవ్వాలి." చూడండి ఎంత న్యాయంగా ఉందో. దానికీ వార్‌బ్లర్‌లో మార్గం ఉంది. కాన్ఫిగ్‌లో ఒక మాట చేరిస్తే రూబీ ఫైళ్లను, జావా కంపైల్ చేస్తే వచ్చేలాంటి .క్లాస్ ఫైళ్లుగా మార్చేస్తుంది. పాత .ఆర్‌బీ స్థానంలో, నా పక్కనున్న క్లాస్ ఫైలుని లోడ్ చెయ్యి అని చెప్పే ఒక్క వాక్యం మిగులుతుంది. వారం తర్వాత మళ్లీ మీటింగ్. సెక్యూరిటీ ఆయన ఫైలు తెరుస్తారు. క్లాస్ ఫైళ్లు కనిపిస్తాయి. ఆయన ముఖం విప్పారుతుంది.

"ఇప్పుడు నిజంగా జావా అయింది."

అందరూ ఒకరినొకరు అభినందించుకుంటారు. రికార్డులో "జావా వెబ్ అప్లికేషన్" అని ఎక్కుతుంది. ఆ కాల్‌లో నిజం తెలిసినవాళ్లు కనీసం ముగ్గురు ఉంటారు. ముగ్గురూ వెరీ గుడ్ అంటారు.

పంచె కట్టాక నడక మారకుండా ఉంటుందా? ఫైలు పేరు క్లెయిమ్స్.వార్ అయితే టామ్‌క్యాట్ దాన్ని /క్లెయిమ్స్ అనే దారి కింద పెడుతుంది. రైల్స్‌లో ఎవడో చేత్తో "/ఇమేజెస్" అని రాసిన ప్రతిచోటా బొమ్మ మాయం. పేరు రూట్.వార్ అని మారిస్తే సర్దుకుంటుంది. కానీ పేరు మార్చడానికి మళ్లీ అప్రూవల్ కావాలి. డేటాబేస్ కోసం వాడుతున్న ఎంవైఎస్‌క్యూఎల్2 జెమ్ లోపల సీ భాష ఉంది, అది జేరూబీ మీద నడవదు. దాన్ని తీసేసి, జావా పద్ధతిలో డేటాబేస్‌తో మాట్లాడే జేడీబీసీ అడాప్టర్ పెట్టాలి. అప్లికేషన్ థ్రెడ్లకు తట్టుకోలేదనుకుంటే రన్‌టైమ్‌ల పూల్ పెట్టుకోవాలి. అంటే ఒక్క సర్వర్‌లో అదే రైల్స్ అప్లికేషన్‌ని నాలుగైదు సార్లు మెమరీలోకి ఎక్కించడం. ర్యామ్ సరిపోవట్లేదని ఇన్‌ఫ్రావాళ్లు మెయిల్ పెడతారు. జావా అంటేనే మెమరీ తింటుందండీ అని జవాబిస్తే వాళ్లే ఓదారుస్తారు.

ఇక హాట్ డిప్లాయ్‌మెంట్. సర్వర్ ఆపకుండానే కొత్త వార్ ఫైలు పెట్టొచ్చు, జావా సర్వర్ కావాలని పట్టుబట్టడానికి ఇదే పెద్ద కారణమని స్లైడ్‌లో రాసి ఉంటుంది. పెట్టొచ్చు. పాత అప్లికేషన్ క్లాసులు మెమరీ వదలక, ఇంకో రెండుసార్లు పెట్టాక క్లాసులకు కేటాయించిన చోటు నిండి, "పర్మ్‌జెన్ స్పేస్" అని సర్వర్ కుప్పకూలేది. 2014లో జావా 8 ఆ పర్మ్‌జెన్‌ని ఎత్తేసి మెటాస్పేస్ పెట్టింది. దాంతో ఎర్రర్‌కి పేరు మారింది. డిప్లాయ్ చేసిన ప్రతిసారీ టామ్‌క్యాట్‌ని రీస్టార్ట్ చేసే అలవాటు మారలేదు. రీస్టార్ట్ కొట్టాక జేవీఎం లేచి, జేరూబీ లేచి, రైల్స్ లేచేలోపు క్యాంటీన్‌కి వెళ్లి టీ తాగి రావచ్చు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు.

అప్లికేషన్ లైవ్‌లోకి వెళ్లాక దాన్ని చూసుకునేది మీటింగ్‌లో ఉన్నవాళ్లు కాదు. క్లయింటు అమెరికాలో, సపోర్ట్ హైదరాబాద్‌లో. రాత్రి షిఫ్టులో ఉండేది కొత్తగా చేరిన కుర్రాడు. ఏ ఊరి నుంచో వచ్చి, అమీర్‌పేటలో హాస్టల్‌లో ఉండి, కోర్ జావా, సర్వ్‌లెట్స్, స్ప్రింగ్ నేర్చుకుని ఉద్యోగం తెచ్చుకున్నాడు. అతనికిచ్చిన డాక్యుమెంట్‌లో "జావా వెబ్ అప్లికేషన్" అని రాసి ఉంది. రాత్రి పేజీ పడిపోయింది. లాగ్ తెరిచాడు. ఆర్గ్.జేరూబీ, ఆర్గ్.జేరూబీ, ఆర్గ్.అపాచీ.కేటలీనా అంటూ ఎంత కిందికి దింపినా తెగని స్టాక్ ట్రేస్. అసలు విషయం దాని నెత్తిన ఒక్క లైనులో ఉంది: నిల్ అనేదానికి నేమ్ అనే మెథడ్ లేదు. రూబీ తెలిసినవాడికి అర నిమిషం పని. అతనికి నిల్ అంటే ఏంటో తెలియదు. జావాలో దాన్ని నల్ అంటారు. టైపింగ్ తప్పేమో అనుకుని తెల్లవార్లూ వెతికాడు. ఫోన్‌లో అవతల నుంచి ఎవరో, "వాట్ ఆర్ యూ డూయింగ్ దేర్" అని గంటకోసారి అడుగుతూనే ఉన్నారు.

ఇంకో ఆఫీసు సంగతి నాకు బాగా తెలుసు. ఉద్యోగులు వైద్య ఖర్చుల బిల్లులు స్కాన్ చేసి పెట్టుకునే అప్లికేషన్. స్కాన్లు పబ్లిక్ కింద అప్‌లోడ్స్ అనే ఫోల్డర్‌లో పడతాయి. మామూలుగా రైల్స్‌లో చాలామంది చేసేదే. కానీ వార్ ఫైలులో పబ్లిక్ ఫోల్డర్‌లోని సరుకంతా అప్లికేషన్‌తో పాటే టామ్‌క్యాట్ వెబ్‌యాప్స్ కింద విప్పుకుని ఉంటుంది. కొత్త వార్ పెట్టగానే టామ్‌క్యాట్ పాత ఫోల్డర్‌ని మొత్తం తుడిచేస్తుంది. అది దాని డ్యూటీ, డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది. సపోర్ట్ కుర్రాడి దగ్గరున్న కాగితంలో, పాత వార్ స్థానంలో కొత్త వార్ కాపీ చేయాలి అని ఉంది. అతను చేశాడు. బిల్లులన్నీ పోయాయి. ఆపరేషన్ బిల్లులు, కాన్పు బిల్లులు, డయాలసిస్ బిల్లులు. బ్యాకప్‌లో వెబ్‌యాప్స్ ఫోల్డర్ లేదు, ఎందుకంటే వార్ ఫైలుంటే మళ్లీ తయారవుతుంది కదా అని ఎవరో మినహాయించారు. విచారణలో ఏం తేలింది? "మానవ తప్పిదం." ఏ మానవుడిది? కాపీ చేసినవాడిది. ఆ యేడు రేటింగ్ పోయింది, హైక్ పోయింది. రిసోర్స్ బండిల్ అన్నవాడికి ఏమీ కాలేదు. ఇప్పుడు నిజంగా జావా అయిందన్న ఆయనకీ ఏమీ కాలేదు. లోపల ఏముందో తెలిసి జావా అని సంతకం పెట్టిన మీకు ఆ పిల్లాడి ముఖంలోకి చూసే ధైర్యం ఉందా? "ఇందులో రూబీ ఉంది, ఫైళ్లు ఇక్కడ పడతాయి, జాగ్రత్త" అని డాక్యుమెంట్‌లో ఒక్క లైను రాసి ఉంటే సరిపోయేది. రాయలేదు. రాస్తే ఫారంలో పెట్టిన టిక్కు అబద్ధమని తేలుతుంది కాబట్టి రాయలేదు. టెక్నాలజీ చేతకాక పోలేదు ఆ బిల్లులు. మీ పిరికితనం వల్ల పోయాయి.

ఇప్పుడు రోజులు మారాయంటారు. 2013లో డాకర్ వచ్చింది, ఏ భాషైనా కంటైనర్ అనే పెట్టెలో పెట్టి నడపొచ్చు, ఇక ఈ వేషాలతో పని లేదు అన్నారు. నేనూ సంతోషించాను. తర్వాత ఒక డాకర్ ఫైలు చూశాను. లినక్స్, దాని మీద జేవీఎం, దాని మీద టామ్‌క్యాట్, టామ్‌క్యాట్‌లో వార్, వార్‌లో జేరూబీ, జేరూబీలో రైల్స్. దీన్నంతా కంటైనర్లను నడిపే కుబర్నెటీస్ మోస్తోంది. ఎందుకయ్యా అంటే, పాలసీలో వార్ అని ఉంది కదండీ అన్నారు. డాకర్ అప్రూవ్ చేసినప్పుడు కొత్త పేరా చేర్చారట. పాతది మాత్రం ఎవరూ కొట్టేయలేదు.

మీ దగ్గరా ఇలాంటిది ఒకటి నడుస్తుంటే, అప్‌లోడ్ల ఫోల్డర్ ఎక్కడుందో ఇవాళే చూసుకోండి. వెబ్‌యాప్స్ కిందే ఉంటే బయట వేరే డిస్క్ మీదకు మార్చి, బ్యాకప్‌లో చేర్చండి. అంతవరకు శుక్రవారం రిలీజ్ ఆపించండి. ఎవరైనా కారణం అడిగితే రిసోర్స్ బండిల్ సమస్య అని చెప్పండి.