తాబేలు గారికి ఒక విన్నపం

మార్తహళ్ళి, బెంగళూరు
ఆదివారం, ఉదయం పదిన్నర

సోఫా కింద ఇరుక్కుపోయి ఉన్న, మా ఇల్లు ఊడ్చే రోబో వాక్యూమ్ తాబేలు గారికి,

నమస్కారాలు. తమరు క్షేమమని తలుస్తాను అని రాయడం మర్యాద. కానీ క్షేమం కాదని మీ యాప్ పొద్దున్నుంచి మూడుసార్లు నా ఫోన్‌కి చెప్పింది. వస్తున్నాను. చేతిలో ఉన్న చీపురు పక్కన పెట్టి వస్తాను. రోబో ఉన్న ఇంట్లో చీపురెందుకని మాత్రం అడక్కండి.

మీకు తాబేలు అని పేరు పెట్టింది మా అత్తమ్మ. ప్రొద్దుటూరు నుంచి దిగిన రోజే, గోడ వారగా గుండ్రంగా పాకుతూ వస్తున్న మిమ్మల్ని చూసి కాళ్ళు సోఫా మీదకు లాక్కున్నారు. "తాబేలు జొచ్చిన ఇల్లూ, అమీనా జొచ్చిన ఇల్లూ బాగుపడవు నాయనా" అని కొడుకుతో అన్నారు. అమీనా అంటే బాకీ కింద సామాను జప్తు చేయడానికి వచ్చే కోర్టు మనిషి. మా ఆయన నవ్వేశారు. మీరు పన్నెండు నెలల ఈఎంఐ మీద వచ్చారని, అంటే తాబేలూ అమీనా ఒకే అట్టపెట్టెలో దిగారని, ఆవిడకు ఇప్పటికీ చెప్పలేదు.

మీ వంశం చిన్నదేం కాదు. 2002లో రూంబా అనే ఊడ్చే రోబోను ఇళ్ళల్లోకి పంపిన ఐరోబో కంపెనీయే సైన్యానికి ప్యాక్‌బాట్ అనే రోబోలు కూడా చేసింది. 2011లో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలో ప్రమాదం జరిగినప్పుడు, మనిషి అడుగుపెట్టలేని రేడియేషన్‌లోకి అవే వెళ్ళి తలుపులు తీశాయి, కొలతలు తీసుకున్నాయి. మీరు ఆ కంపెనీ వారు కారు, దూరపు చుట్టం. అయినా కాస్త పౌరుషం ఉండాలి కదా? మా హాల్లో ఒక నల్ల కార్పెట్ ఉండేది. మీరు దాని అంచు దాకా వచ్చి, ఆగి, ఒకసారి వణికి, వెనక్కి తిరిగేవారు. కారణం తర్వాత తెలిసింది. మెట్ల మీంచి పడిపోకుండా మీ పొట్ట కింద ఇన్‌ఫ్రారెడ్ కళ్ళున్నాయట. కిందికి పంపిన వెలుగు తిరిగి రాకపోతే అక్కడ గొయ్యి ఉందని మీ లెక్క. నలుపు వెలుగును మింగేస్తుంది కాబట్టి మా పుట్టింటివాళ్ళిచ్చిన కార్పెట్ మీకు పాతాళం. చుట్ట చుట్టి మా మంచం కిందకు తోశాను. ఇప్పుడు మంచం కిందికీ రారు.

మీరు పనిలోకి దిగాలంటే ముందు ఇల్లు సర్దాలి. కుర్చీలు డైనింగ్ టేబుల్ మీదకు ఎక్కాలి. ఛార్జర్ వైర్లు పైకి కట్టాలి. పిల్లాడి సాక్సులు, రబ్బరు ముక్కలు, అత్తమ్మ ఒత్తులు చేసుకునే దూది, అన్నీ ఏరాలి. ఏరాక కనబడే పెద్ద చెత్త మీరు మింగలేరు కాబట్టి అది ఊడ్చాలి. ఊడ్చాక మీరు ఊడుస్తారు. ఏరకూడనిది మాత్రం మీకు భలే దొరుకుతుంది. మొన్న శుక్రవారం తెల్లవారుజామున ఐదింటికి అత్తమ్మ దేవుడి గది ముందు చుక్కల ముగ్గు పెట్టారు. ఐదున్నరకు మీ షెడ్యూలు ప్రకారం వచ్చి, ఎంతో శ్రద్ధగా, ఒకటికి రెండుసార్లు తుడిచేశారు. పైగా యాప్‌లో, ఇక్కడ దుమ్ము ఎక్కువగా ఉంది, మళ్ళీ శుభ్రం చేశాను అని గొప్ప. ఆ యాప్‌లో మీరే గీసి, గదులకు మీరే పేర్లు పెట్టుకున్న మా ఇంటి మ్యాప్ కూడా చూశాను. దేవుడి గదికి బాత్రూమ్ అని పెట్టారు. ఇది కూడా అత్తమ్మకు చెప్పలేదు. మీ కోసం దాచిన రహస్యాలు ఇప్పటికి రెండయ్యాయి.

మా ఆయన ఇన్నేళ్ళ కాపురంలో చీపురు పట్టింది ఒక్కసారే, జెర్రిని కొట్టడానికి. ఇప్పుడు ఆఫీసు బస్సులో కూర్చుని ఫోన్‌లో బటన్ నొక్కి, సాయంత్రం వచ్చి "ఇవాళ ఇల్లు నేనే ఊడ్చాను" అంటారు.

ప్రతి ఆదివారం మీకు ఆపరేషన్ చేసేది నేను. వెల్లకిలా పడుకోబెట్టి, బ్రష్ ఊడదీసి, ఈ బోరు నీళ్ళకు ఊడి దానికి చుట్టుకున్న నా జుట్టంతా కత్తెరతో కోసి తీస్తాను. ఫిల్టర్ బాల్కనీలో దులుపుతాను. అవుటర్ రింగ్ రోడ్డు మీద మెట్రో పనుల దుమ్ముతో కలిసి అది మళ్ళీ హాల్లోకే వస్తుంది. రోబో అన్న మాట 1920లో చెక్ రచయిత కరెల్ చాపెక్ రాసిన నాటకంతో లోకానికి వచ్చింది. వాళ్ళ భాషలో రోబోటా అంటే వెట్టిచాకిరీ. మన దేశంలో వెట్టిచాకిరీని 1976లో చట్టం చేసి రద్దు చేశారు. మోకాళ్ళ మీద కూర్చుని మీ చక్రాల్లోంచి వెంట్రుకలు పీకుతున్నప్పుడు, ఆ చట్టం కింద ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలా అని ఆలోచిస్తుంటాను.

మీరు పనికొచ్చిన రోజు అసలు లేదని అంటే కళ్ళు పోతాయి. ఆయుధపూజ నాడు ఈ ఊళ్ళో ఆటోలకూ కార్లకూ అరటి పిలకలు కట్టి, బూడిద గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తారు. మీకూ చక్రాలున్నాయి కాబట్టి పూజ తప్పదన్నారు మా ఆయన. కుంకుమ బొట్టు సరిగ్గా మీ ముందు సెన్సర్ మీద పడింది. ఎదురుగా గోడ ఉందనుకుని మీరు వెనక్కి, ఇంకా వెనక్కి, చెప్పుల స్టాండు దాకా పోయారు. బొట్టు తుడిచి వదిలితే, నిమ్మకాయ చక్రం కిందికి వస్తేగా! పక్క బ్రష్ తగిలి అది దొర్లడం, మీరు వెళ్ళి మళ్ళీ దాన్ని తన్నడం. నడుం నొప్పితో నాలుగు రోజులుగా మూలుగుతున్న అత్తమ్మ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వారు. "పట్టుకో, పట్టుకో, వంటింట్లోకి పోతాంది" అని మీకు సలహా కూడా ఇచ్చారు.

ఇక పనావిడ సంగతి. మీరొస్తే ఆమెను మానిపించవచ్చని మా ఆయన లెక్క. ఆమె మదనపల్లె మనిషి, మా అపార్ట్‌మెంట్‌లో ఐదిళ్ళు చేస్తుంది. నడుం మీద చెయ్యేసుకుని మిమ్మల్ని కాసేపు చూసి, "మూలలు అట్నే ఇడిసిపెడతాంది కదక్కా" అంది. గుండ్రంగా పుట్టినవాళ్ళు మూలల్లోకి ఎలా దూరతారు, తప్పు మీది కాదు. వారం తర్వాత, "మూలలూ నేనే చేస్తా, దాన్ని కడిగేదీ నేనే చేస్తా, నెలకు ఐదొందలు ఎక్కువియ్యక్కా" అంది. ఒప్పుకున్నాం. ఆదివారం ఆమెకు సెలవు, అందుకే ఈ కత్తెర నా చేతిలో. మీకు జ్వరం రాదు, ఊళ్ళో జాతర ఉండదు అని చెప్పి అమ్మారు మిమ్మల్ని. జాతరకని వెళ్ళిన ఆమె మూడో రోజుకు వచ్చింది. బ్యాటరీ పోయి సర్వీసుకు వెళ్ళిన మీరు పంతొమ్మిది రోజులకు వచ్చారు.

ఉంటాను. సోఫా ఎత్తడానికి మా ఆయన్ను పిలవాలి. ఆయన ఫోన్‌లో మిమ్మల్నే చూస్తున్నారు.

ఇట్లు,
తమ సేవలో,
ఇంటి ఇల్లాలు

తా.క. నిన్న సాయంత్రం నుంచి అత్తమ్మ దిద్దు శీల కనబడటం లేదు. నాలుగున్నరప్పుడు ఆవిడ మంచం కింద మీరు టక్కుమని ఏదో మింగారని పిల్లాడి సాక్ష్యం. హాల్లో పాత పేపరు పరిచాను. బయటకు తీయగానే మీ డబ్బా దాని మీద కుమ్మరిస్తాను. అత్తమ్మ చేట పట్టుకుని కూర్చున్నారు.