తెర మీద కనబడితే ట్యూబు పడినట్టేనా?

మా చుట్టాల గ్రూపులో, డాక్టర్ల గ్రూపులో, ఆఖరికి అపార్ట్‌మెంట్ గ్రూపులో కూడా ఒకటే ఫార్వర్డ్ తిరుగుతోంది. సారాంశం ఇది: ‘వెంటిలేటర్ కోసం గొంతులో ట్యూబు వేసేటప్పుడు వీడియో ల్యారింగోస్కోప్ వాడితే మొదటిసారే పడుతుంది. దారి తప్పదు. ప్రాణాపాయం ఉండదు. ఇంకా పాత బ్లేడుతో వేస్తే నిర్లక్ష్యమే. మీవాళ్లను చేర్పించే ముందు వీడియో ఉందా అని నిలదీయండి.’

నేను మత్తు డాక్టర్ని. వీడియో స్కోపు నేను రోజూ పట్టుకునేదే, దాని మీద నాకు కోపమేమీ లేదు. కోపమల్లా ఆ ఫార్వర్డ్ మీదే.

ల్యారింగోస్కోపు అంటే ట్యూబు వేయడానికి గొంతులోకి చూసే పరికరం. ముందు మామూలుదానికీ, వీడియోదానికీ తేడా చెప్పాలి. మామూలు స్కోపు అంటే ఒక పిడి, దానికి వంపు తిరిగిన బ్లేడు, చివర్లో చిన్న లైటు. ఈ వంపు బ్లేడు 1943లో రాబర్ట్ మెకింతోష్ తెచ్చింది, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. నాలుకను పక్కకు తోసి, పైకెత్తి, మన కంటి నుంచి శ్వాసనాళం ముఖద్వారంలో ఉండే స్వరతంత్రుల దాకా అడ్డం లేకుండా చూపు సాగేలా చేసుకోవాలి. వీడియోలో కెమెరా బ్లేడు చివరి దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ తిప్పలు తక్కువ. మెడ పొట్టిగా ఉన్నా, నోరు సరిగా తెరుచుకోకపోయినా చాలామందిలో దారి తెర మీద కనబడుతుంది.

ఇక ‘మొదటిసారే పడుతుంది’ అన్న మాట. ఎక్కువసార్లు నిజమే. 2023లో అమెరికాలో ఎమర్జెన్సీ, ఐసీయూల్లోని 1417 మంది మీద ‘డివైస్’ అనే ట్రయల్ వచ్చింది. వీడియోతో మొదటి ప్రయత్నంలోనే పడింది నూటికి 85 మందికి, మామూలు బ్లేడుతో 71 మందికి. చిన్న తేడా కాదు. అయితే 85 అంటే మిగతా 15 మందికి వీడియోతోనూ మొదటిసారి పడలేదని కదా! పైగా అక్కడ ట్యూబు వేసినవాళ్లలో చాలామంది ఇంకా శిక్షణలో ఉన్నవాళ్లు. చెయ్యి తిరిగినవాళ్ల దగ్గర తేడా బాగా తగ్గింది. 2017లో ఫ్రాన్స్ ఐసీయూల్లో 371 మంది మీద చేసిన ట్రయల్‌లోనైతే మొదటిసారే పడింది నూటికి వీడియోతో 68 మందికి, మామూలు బ్లేడుతో 70 మందికి. అంటే తేడా లేనట్టే. ఎవరు వేస్తున్నారు, ఏ బ్లేడు, ఎలాంటి పేషెంట్ అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది.

ఫార్వర్డ్ రాసినాయనకు అసలు తట్టని సంగతి ఇంకొకటుంది. కనబడటం వేరు, పడటం వేరు.

ఒకసారి దవడ చిన్నగా, మెడ లావుగా ఉన్న పేషెంట్‌కి బాగా వంపున్న వీడియో బ్లేడు పెట్టాను. తెర మధ్యలో స్వరతంత్రులు పాలతెల్లగా కనబడుతున్నాయి. పక్కనున్న పీజీ కుర్రాడు ‘సూపర్ వ్యూ సార్’ అన్నాడు. ట్యూబు మాత్రం పోదే! కొస లోపలికి వెళ్లినట్టే వెళ్లి శ్వాసనాళం ముందు గోడకు తగిలి ఆగిపోతోంది. సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 98 నుంచి 91కి దిగింది. ఆపేసి, మాస్కుతో ఆక్సిజన్ ఇచ్చి, మళ్లీ మొదలెట్టాను. ఈసారి స్టైలెట్‌ను, అంటే ట్యూబు లోపల ఉండే వంచగల తీగను, బ్లేడు వంపుకి సరిపడా వంచాను. బ్లేడును కావాలనే కాస్త వెనక్కి లాగి వ్యూ కొంచెం చెడగొట్టుకున్నాను. ట్యూబు కొస స్వరతంత్రుల మధ్యకు చేరగానే స్టైలెట్‌ను కొద్దిగా వెనక్కి తీయిస్తే అప్పుడు జారింది. వ్యూ తగ్గించుకుంటే దారి దొరకడమేమిటని ఆ కుర్రాడి ముఖంలో ఆశ్చర్యం. బ్లేడు వంపు ఎక్కువైనకొద్దీ తెర మీద బాగా కనబడుతుంది, కానీ ట్యూబు కూడా ఆ మలుపు తిరగాలిగా.

ఇంకో చిక్కు. అందరి కళ్లూ తెర మీదే ఉంటే, ట్యూబు కొస నోట్లో ఎక్కడుందో చూసేవాళ్లుండరు. అలా అంగిలికీ, టాన్సిల్ పక్కనా చిల్లులు పడ్డ కేసులున్నాయి. అందుకే ముందు నోట్లోకి చూడు, తర్వాత తెర చూడు, ట్యూబు పెట్టేటప్పుడు మళ్లీ నోట్లోకి చూడు అని నేర్పిస్తాం.

‘దారి తప్పదు’ అన్నది ఇందులో ప్రమాదకరమైన మాట. ‘డివైస్’లో వీడియో వాడిన గ్రూపులోనూ కొందరికి ట్యూబు అన్నవాహికలో పడింది. సరైన చోట పడిందో లేదో తేల్చేది తెర కాదు, క్యాప్నోగ్రఫీ. ఊపిరి వదిలినప్పుడల్లా కార్బన్ డయాక్సైడ్ గీత మానిటర్ మీద గుట్టలా లేవాలి, వరసగా లేస్తూనే ఉండాలి. గీత రాకపోతే, తెర మీద నా కళ్లారా చూశానని ఎంత గట్టిగా అనిపించినా, ట్యూబు తప్పు చోట ఉందనే అనుకోవాలి. గుండె ఆగిన పేషెంట్‌కి ఛాతీ నొక్కుతున్నప్పుడు కూడా ఎంతో కొంత గీత వస్తుంది. కాబట్టి గుండె ఆగింది గనుక గీత రాలేదన్న సాకూ చెల్లదు.

‘ప్రాణాపాయం ఉండదు’ అన్నదానికి పెద్ద జవాబు అక్కర్లేదు. అదే ట్రయల్‌లో తీవ్రమైన ఇబ్బందులు రెండు గ్రూపుల్లోనూ నూటికి 21 మందికి వచ్చాయి. ఐసీయూ పేషెంట్‌కి మత్తు ఇవ్వగానే బీపీ పడిపోతే కెమెరా ఏం చేస్తుంది?

మిగిలింది ‘పాత బ్లేడు నిర్లక్ష్యం’. యాక్సిడెంట్ కేసులో నోటినిండా రక్తం ఉంటే లెన్సు మీద ఒక్క చుక్క చాలు, తెర మొత్తం ఎర్రబడుతుంది. బ్యాటరీ అయిపోవచ్చు, లెన్సు మీద ఆవిరి పట్టవచ్చు. అలాంటప్పుడు రక్తాన్ని పీల్చేసే సక్షన్, ట్యూబుకు దారి చూపే సన్నటి కడ్డీ బూజీ, మామూలు బ్లేడే దిక్కు. ఎప్పుడూ తెర చూసే వేసినవాళ్లకు ఆ నిమిషంలో చేతులు ఆడవు. ప్రతి మత్తు డాక్టర్ వీడియో నేర్చుకోవాలని, అది చేతికందేలా ఉండాలని బ్రిటన్‌లోని డిఫికల్ట్ ఎయిర్‌వే సొసైటీ 2015లోనే చెప్పింది. నేనూ అదే అంటాను. మా జిల్లా ఆసుపత్రులన్నిటికీ వీడియో రావాలి. లేనిచోట మామూలు బ్లేడుతో జాగ్రత్తగా ట్యూబు వేసిన డాక్టర్ని నేరస్థుణ్ణి చేయడం మాత్రం అన్యాయం.

నిలదీయాలనే ఉంటే ఐసీయూ బయట నిలబడి ‘క్యాప్నోగ్రఫీ ఉందా?’ అని అడగండి. ఆ ప్రశ్నను ఎన్ని గ్రూపులకు ఫార్వర్డ్ చేసినా నాకు అభ్యంతరం లేదు.