ప్రకృతి ఒడిని ఖాళీ చేయించిన వైనం

ప్రకృతి ఒడిలో కాపురం ఉండదలచినవారు ముందుగా ఆ ఒడిని ఖాళీ చేయించాలన్న సూత్రం, వికారాబాదు వైపు 20 గుంటల నేల కొన్న తరువాతగాని నాకు బోధపడలేదు. వేపలు, తుమ్మలు, మోదుగులు అక్కడ ఎంత చిక్కగా ఉన్నాయంటే, పచ్చదనాన్ని ఆస్వాదించడానికి కుర్చీ వేసుకునే జాగా కూడా మిగల్లేదు. చెట్లు మనిషికి దారి ఇవ్వకపోవడం మర్యాద కాదు కదా!

చట్టమంటే నాకు గౌరవం. నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం సొంత భూమిలోని చెట్టునైనా అనుమతి లేకుండా కొట్టరాదు, కొట్టినందుకు బదులు మొక్కలు నాటాలి. అనుమతి తీసుకున్నాను, మొక్కలూ తెచ్చాను. అవి నేటికీ గేటు పక్కన నల్ల కవర్లలోనే ఉన్నాయి. నాటుదామంటే ఎక్కడ నాటినా ఇంటికి అడ్డమే.

పెద్ద వేప మొద్దును ఇంటికి ఉంచుకొని మిగతావి కలప వ్యాపారికి అమ్మాను. ఆయన మొద్దు నడుమ టేపు చుట్టి, ఆ కొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చవేసి, పొడవుతో గుణించాడు. 60 అంగుళాల చుట్టుకొలత, 8 అడుగుల పొడవు గల మొద్దు ఈ లెక్కన పన్నెండున్నర ఘనపుటడుగులు. నేను బడిలో నేర్చిన లెక్క ప్రకారం దాదాపు పదహారు. గుండ్రని చెట్టును నలుచదరంగా చేయడంలో రంపం తగలకముందే ఐదోవంతుకు పైగా ఆవిరైపోయింది. “ఇది తాతల నాటి కొలత సార్” అన్నాడాయన. ఎవరి తాతలో చెప్పలేదు.

కోతమిల్లులో మేస్త్రి నా వేప మొద్దును అరచేత్తో తడిమి, “మేకులేమన్నా ఉన్నాయా సార్?” అని అడిగాడు. అడవి చెట్టుకు మేకులెందుకుంటాయని నవ్వాను. రెండో పలక సగంలో ఉండగా రంపం కీచుమని అరిచి పళ్లు రాల్చుకుంది. తల విరిగి బెరడులోకి దిగబడిన ఆ మేకు, ‘ప్రకృతి ఒడిలో ప్లాట్లు’ అనే బోర్డుది. నేను ఈ నేల కొన్నది ఆ బోర్డు చూసే. బ్లేడు ఖరీదు నా ఖాతాలోనే పడింది.

పలక అంగుళం మందముంటే ఏడాదిపాటు నీడలో, గాలి ఆడేలా పేర్చి ఆరబెట్టాలని వడ్రంగి చెప్పాడు. చెక్క పచ్చిగా ఉంటే ఉండనీ, ముహూర్తం ఆగుతుందా? పైగా నీడ ఎక్కడిది, నీడ ఇచ్చేవన్నీ పలకలైపోయాక? వైశాఖంలో బిగించిన తలుపు నెల తిరిగేసరికి ఎండకు కుంచించుకుపోయి, వేలు దూరేంత సందు ఇచ్చి, మెలిక తిరిగి నిలిచింది. దాన్ని పీకించి, టేకు గీతలు అచ్చేసిన ప్లాస్టిక్ తలుపు పెట్టించాను. చేవ తేలిన వేప పలకలు ప్రస్తుతం ఏసీ యంత్రం కింద ఎత్తుకోసం ఉన్నాయి.

నిన్న వాకిట్లో, పెద్ద వేప ఉండిన చోటనే, తాపీ మేస్త్రి సిమెంటుతో చెట్టు మొదలు ఆకారంలో రెండు ఆసనాలు పోశాడు. బెరడును తాపీ కొనతో గీశాడు, పైన వలయాలు దిద్దాడు. ఎండకు తువ్వాలు నెత్తిన వేసుకుని, బ్రష్ పట్టుకొని నన్నడిగాడు: “చేవ రంగు ఎంత ముదురుగా వెయ్యమంటారు సార్?”